రోబోలో అక్క గొంతు

పొద్దున ఏడింటికి వంటింటి బల్ల మీద అట్టపెట్టెతో చేసిన రోబో వేషం ఒకటి కూర్చుని ఉంది. రెనీ వారం రోజులు ఆఫీసు నుంచి రాగానే దాని మీదే పడింది. వెండిరంగు కాగితం చుట్టింది, సీసా మూతలు అతికించింది. లోపల చలికోటు కూడా పట్టేంత వెడల్పుగా చేసింది. చలి ముందే దిగే డిమోయిన్ ఊళ్ళో అక్టోబరు ముప్ఫైన ఏ వేషమైనా చలికోటు మీదే వెయ్యాలి మరి.

"బటన్ నొక్కు బంగారం," అంది రెనీ.

ఎనిమిదేళ్ళ విల్లా పాలగిన్నె పక్కకి జరిపి రోబో పొట్ట మీది ఎర్ర బటన్ నొక్కింది. లోపలి స్పీకర్లోంచి రెనీ గొంతు ఒక జోకు చెప్పింది. వెనకాలే చప్పట్లు.

"చూశావా? సాయంత్రం ఎవరింటి దగ్గరా నువ్వు నోరు విప్పక్కర్లేదు. నొక్కు, సంచి చాపు. అంతే!"

ఈ ఊళ్ళో ఏటా ఆ సాయంత్రం పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ తిరుగుతారు; జోకు చెప్పందే ఎవరూ చాక్లెట్ పెట్టరు. విల్లాకేమో మాట తడబడుతుంది. తల్లి కెండ్రాకీ అంతే. విల్లా బటన్ వైపు చూసి బుద్ధిగా తలూపింది. పాలగిన్నె అలాగే వదిలేసి బ్యాగు తీసుకుని స్కూల్ బస్సుకి వెళ్ళిపోయింది.

విడాకులయ్యాక రెండేళ్ళుగా కెండ్రా అక్క రెనీ దగ్గరే ఉంటోంది. గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న ఆమె తిన్నగా వచ్చి రోబో వెనక అతికించిన టేపు పీకింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"స్పీకర్ తీసేస్తున్నా."

"పిచ్చా నీకు? పిల్ల నలుగురిలో నవ్వులపాలవ్వాలా?"

"నాలుగు రోజులుగా అది బాత్రూంలో తలుపేసుకుని జోకు ప్రాక్టీసు చేస్తోంది. నువ్వు వినలేదా?"

"విన్నాను. అందుకే ఇది చేశాను. మొదటి మాట దాటడానికే దానికి నిమిషం పడుతోంది, కెండ్రా!"

"ప... ప..." కోపం వస్తే కెండ్రాకి మాట మరీ బిగుసుకుపోతుంది.

"పట్టనీ అంటావు, అంతేగా?" అంది రెనీ.

కెండ్రా టేపు వదిలేసింది. "అదిగో. మళ్ళీ నువ్వే చెప్పేశావు."

రెనీ ఊడిన టేపుని మళ్ళీ వేలితో అదిమింది.

"నాకు ఏడేళ్ళప్పుడు మొదలైంది ఇది," అంది కెండ్రా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "నాది మంత్రగత్తె వేషం, నీది అస్థిపంజరం. ప్రతి గుమ్మం దగ్గరా నీ జోకూ నువ్వే, నా జోకూ నువ్వే. వాళ్ళు జాలిగా నా సంచిలో రెండు ఎక్కువ వేసేవాళ్ళు."

"ఆ చాక్లెట్లన్నీ నాకే ఇచ్చేసేదానివి. నీకు తీపి పడదనేదానివి."

"పడకేం? నేను సంపాదించుకోలేదు, అందుకే తినబుద్ధయ్యేది కాదు."

ముప్ఫై ఏళ్ళు. పుట్టినరోజుకి చెల్లెలికి చప్పటి బిస్కెట్లు కొనుక్కొచ్చిన ముప్ఫై ఏళ్ళు. రెనీ కుర్చీలో కూలబడింది.

"అమ్మ చెప్పింది నాకు," అంది. "చెల్లెల్ని చూసి ఎవరైనా నవ్వారో, తప్పు నీదే అంది. నాకప్పుడు పదేళ్ళు. గుమ్మం గుమ్మానికీ నీ పెదవులు కదిలితే చాలు, భయమేసేది."

కెండ్రాకి ఆ సంగతి తెలియదు. అక్కకి గొప్ప చూపించుకోవడం సరదా అనే ఇన్నాళ్ళూ అనుకుంది. పక్కన కూర్చుని అక్క చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు నీకు నలభై దాటాయి. ఇక డ్యూటీ దిగు అక్కా," అంది.

స్పీకర్ తీసింది రెనీయే.

సాయంత్రం ఆరింటికి విల్లా నోరులేని రోబో అయి వీధి చివరి ఇంటి మెట్లెక్కింది. తల్లీ పెద్దమ్మా కాలిబాట మీదే ఆగారు. ఆ ఇంటి ముసలాయన హూక్‌స్ట్రా గారు చాక్లెట్ల గిన్నె పట్టుకుని బయటికొచ్చారు.

"ఏదీ, జోకేదీ?"

"ద... ద..." విల్లా ఆగిపోయింది. వెనక వరసలో సముద్రపు దొంగ వేషంలో నిలబడ్డ పిల్లాడొకడు కిసుక్కుమన్నాడు. మాట అందించడానికి రెనీ పెదవులు విడివడ్డాయి. వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది. ముసలాయన గిన్నె కింద పెట్టి, తొందరేం లేదన్నట్టు మెట్టు మీద కూర్చున్నారు.

"ద... దయ్యానికి బడిలో రోజూ గైర్హాజరే ప... పడుతుంది. ఎందుకు?"

"ఎందుకమ్మా?"

"వచ్చినా క... కనపడదుగా!"

ముసలాయన పడీ పడీ నవ్వారు. సముద్రపు దొంగ కూడా నవ్వాడు, ఈసారి జోకుకి. విల్లా మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది.

"మీరిద్దరూ ఇ... ఇక్కడే ఉండండి. పక్కింటికి నేనే వెళ్తా," అని వెళ్ళిపోయింది.

రెనీకి కళ్ళు మసకబారాయి. చేతులు నోటి మీంచి తీయడానికి ఇంకా ధైర్యం చాలలేదు. కాసేపటికి తీసింది.

"కెండ్రా, నీకు ఏడేళ్ళప్పుడు ఏ జోకు చెబుదామనుకున్నావే?"

కెండ్రా నవ్వింది. మర్చిపోతే కదా. నోరు తెరిచి, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

రెనీ ఆమె ముఖంలోకే చూస్తూ, ఊరికే నిలబడింది.