టిక్కు పెట్టింది ఎవరు?

హాల్లో కేకు ఉంది. కొవ్వొత్తులున్నాయి. ఆరుగురు మనుషులున్నారు. గిఫ్టు మాత్రం ఒక్కటీ లేదు.

"నువ్వు తెచ్చావనుకున్నానే," అన్నాడు అన్న, భార్య వైపు తిరిగి.

"నేనా? నేను చూసేసరికే అన్నింటికీ టిక్కులు పడిపోయాయి. మామయ్యగారు కొనేశారనుకున్నాను," అంది వదిన.

ఆ మామయ్యగారు గొంతు సవరించుకున్నాడు. "నేను మీ అత్తయ్య కొనేసిందనుకున్నాను."

"నా ఫోన్ చార్జింగ్‌లో ఉంది," అంది అత్తయ్య. ఆవిడ మీద ఏ అభియోగం వచ్చినా మొదటి మాట అదే.

పుట్టినరోజు మనిషి మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చుని అందర్నీ వరసగా చూస్తోంది. ఇంట్లో అందరికీ ఆమె చిట్టి. బయట లిఫ్టుల ఇంజనీరు. నగరంలో సగం లిఫ్టులు ఆమె సంతకం పెడితేనే కదులుతాయి. పై అంతస్తుల్లో కాపురం ఉండేవాళ్ళందరూ ఆమెకి భయపడతారు.

కోరికల జాబితా ఆ ఇంట్లోకి తెచ్చింది చిట్టే. తల్లి పుట్టినరోజుకి నలుగురూ విడివిడిగా వెళ్ళి, విడివిడిగా ఆలోచించి, నాలుగు టేబుల్ లాంపులు తెచ్చిన రోజున ఆమె ఆ నిర్ణయానికి వచ్చింది. ఫోన్లో అందరికీ కలిపి ఒక జాబితా. ఎవరికి కావలసినవి వాళ్ళ పేరు కింద రాసుకోవాలి. కొనదలచుకున్నవాళ్ళు ఆ వస్తువు పక్కన టిక్కు పెట్టాలి. టిక్కు పడితే ఇంకెవరూ దాని జోలికి పోకూడదు. ఆ టిక్కులు, పెట్టినవాళ్ళ పేరు లేకుండా, మిగతావాళ్ళకి కనిపిస్తాయి, రాసుకున్న మనిషికి మాత్రం కనిపించవు. ఆశ్చర్యం ఆశ్చర్యంగానే ఉంటుంది, లాంపులు నాలుగు రావు.

"కావలసింది నోరు తెరిచి అడగడంలో సిగ్గేముంది?" అని ఇల్లంతా తిరిగి ప్రచారం చేసింది. రెండేళ్ళలో అందరినీ దారికి తెచ్చింది.

అలాంటి మనిషి ఇవాళ ఒక్కటి అడగలేకపోతోంది.

అది టీవీ పక్కన నిలబడి ఉంది. నీలం చొక్కా వేసుకుంది. మాటిమాటికీ తలుపు వైపు చూస్తోంది.

అతను వదిన తమ్ముడు. పళ్ళ డాక్టరు. ఆ వీధి చివరే క్లినిక్. ఇంకో ఊళ్ళో పెద్ద ఆస్పత్రివాళ్ళు రమ్మన్నారు. వస్తాడో రాడో రేపటిలోగా చెప్పాలి. ఆ కబురు విన్న దగ్గర్నుంచి చిట్టికి తిండి సయించడం లేదు. బూట్లు అడగడం వేరు, ఒక మనిషిని ఉండిపొమ్మని అడగడం వేరు. నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

ఇద్దరికీ మాటలు కలవడమే గొడవతో మొదలైంది. జ్ఞానదంతం నొప్పితో ఆమె అతని కుర్చీలో పడుకుంటే, నోటినిండా దూది కుక్కి, అప్పుడు మొదలుపెట్టాడు. "మీ జాబితా గురించి అక్క చెప్పిందండీ. అడిగి తెప్పించుకుంటే అది బహుమతి ఎలా అవుతుంది? ఎదుటి మనిషి మనసు కనిపెట్టి ఇవ్వాలి గానీ!"

ఆమె కళ్ళతోనే ఖండించింది. మత్తు వదలగానే ఫోన్ చేసి నోటితో ఖండించింది. మర్నాడు అతను ఫోన్ చేసి దానికి జవాబిచ్చాడు. పంతంకొద్దీ ఆమె అతన్ని కూడా జాబితాలో చేర్చింది, టిక్కుల నిబంధన మాత్రం చెప్పలేదు. ఆ వాదన ఏడాదిగా సాగుతూనే ఉంది. ఇప్పుడు అది జాబితా గురించి కాదని ఇద్దరికీ తెలుసు. ఒప్పుకోవడమే మిగిలింది.

"తలుపు వెయ్యండి," అన్నాడు తండ్రి.

బీమా కంపెనీలో దొంగ క్లెయిములు విచారించి రిటైరైన మనిషి. ఇంట్లో చెంచా కనిపించకపోయినా వాంగ్మూలాలు తీసుకుంటాడు. "పది వస్తువులు. పదింటికీ టిక్కులు. కొన్నవాడు లేడు. చిట్టీ, ఎవరు పెట్టారో నీ ఫోన్లో తెలుస్తుందా?"

"తెలుస్తుంది, జాబితా తయారుచేసింది నేనే కదా. కానీ నా పేరు కింది టిక్కులు నేను తెరిచి చూడకూడదు. నిబంధన నిబంధనే. వదినా, నువ్వు చూడు."

వదిన ఫోన్ అందుకుంది. చూసింది. మొహంలో రంగు మారింది. "నెట్ లేదు," అని చెవి తమ్మె పట్టుకుంది.

"అమ్మా కోడలా," అన్నాడు మామగారు ఎంతో మెత్తగా, "అబద్ధం చెప్పేటప్పుడల్లా చెవి పట్టుకుంటావు."

"నేనేనండీ!"

అందరూ టీవీ వైపు తిరిగారు. పళ్ళ డాక్టరు చెయ్యెత్తి నిలబడ్డాడు, క్లాసులో పిల్లాడిలా.

అన్న మొహం వెలిగిపోయింది. "పదీ నువ్వే కొన్నావా బావా? సెభాష్! ఎక్కడున్నాయి?"

"ఒక్కటీ కొనలేదు."

"మరి టిక్కులెందుకు పెట్టావు?"

"చూశాను కాబట్టి." అతను చెమట తుడుచుకున్నాడు. "మా చార్టులో అంతే కదండీ. నోట్లో ఒక్కో పన్నూ చూస్తాం, చూసినదానికి టిక్కు పెడతాం. చూశాను అని అర్థం. పీకేశాను అని కాదు!"

తల్లి పక్కున నవ్వింది. తండ్రి నవ్వలేదు. అవకాశం దొరికింది ఆయనకి.

"అందుకే మొదట్నుంచీ చెబుతున్నాను. ఈ టిక్కులూ నిక్కులూ మనకొద్దు. రద్దు చేసేద్దాం. పూర్వంలాగా ఎవరికి తోచింది వాళ్ళు ఇచ్చుకుందాం."

"మీకు తోచింది నాకు తెలుసు," అంది తల్లి. "పెళ్ళయిన దగ్గర్నుంచీ పూలకుండీలే కదా తెచ్చారు? నాకు డ్రిల్లింగ్ మెషిన్ కావాలని మీకు జన్మలో తట్టేదా? జాబితాలో రాసుకున్నాను, వచ్చింది. ఇంట్లో అలమరలన్నీ నేనే బిగించుకున్నాను. రద్దు చేస్తే ఆ మెషిన్‌తోనే మాట్లాడతాను మీతో."

"జాబితాలో తప్పేం లేదు నాన్నా," అంది చిట్టి లేచి నిలబడి. "బ్రేకు తొక్కిపట్టి బండి కదలడం లేదంటే బండిని అమ్మేస్తామా? తొక్కినవాళ్ళకి నేర్పుతాం." డాక్టరు వైపు తిరిగింది. "మీకు రేపు క్లాసు తీసుకుంటాను."

రేపు అనగానే ఇద్దరి కళ్ళూ కలిశాయి. రేపే అతను ఆస్పత్రికి జవాబు చెప్పాలి. ఆమె చూపు తిప్పుకుంది. అతను తలుపు వైపు చూశాడు.

అప్పుడు వదిన ఊరుకోకుండా ఫోన్లో ఇంకాస్త కిందికి జరిపింది. "ఒరేయ్ తమ్ముడూ! ఇవి ఒకేసారి పెట్టినవి కావురా! రోజుకొకటి చొప్పున పెట్టావు!"

తండ్రి కళ్ళజోడు సర్దుకున్నాడు. "అంటే పది రోజులపాటు రోజూ మా అమ్మాయి జాబితా తెరిచావు. తలకి కట్టుకునే టార్చీ, రబ్బరు బూట్లూ, గ్రీజు వదిలే సబ్బూ... వాటిలో అంత చదవాల్సింది ఏముంది బాబూ?"

డాక్టరు నోరు తెరిచాడు. మూశాడు. దూది లేకుండానే మాట పడిపోయింది.

"క్లినిక్‌లో పేషెంట్ వెయిటింగ్ అంకుల్!"

"ఆదివారం పూటా?" అంది తల్లి.

అప్పటికే తలుపు తెరుచుకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు. బయట వాన.

చిట్టి మూలనున్న గొడుగు తీసుకుంది.

"కేకో?" అన్నాడు అన్న.

"కోసేయండి. నా ముక్క తీసిపెట్టు. కాదు, రెండు ముక్కలు తీసిపెట్టు."

ఆమె లిఫ్టు కోసం ఆగలేదు. లిఫ్టుల ఇంజనీరు మెట్ల మీద పరిగెత్తడం చూసి కింద కాపలాదారు గబుక్కున లేచి నిలబడ్డాడు.

వాన చిన్నాచితకా వాన కాదు. రోడ్డు మీద మనుషులందరినీ ఊడ్చేసి, ఒక్కణ్ణి మాత్రం ఎదురుగా మూసి ఉన్న టైలరు షాపు చూరు కింద నిలబెట్టింది. నీలం చొక్కా తడిసి ఇంకా నీలమైంది.

ఆమె రోడ్డు దాటి అతని ముందు ఆగింది. గొడుగు మాత్రం తన మీదే పట్టుకుంది.

"నాన్న అడిగినదానికి జవాబు చెప్పలేదు."

"మీకు చెప్పాలా?"

"జాబితా నాది కదా."

అతను వానవైపు చూశాడు. "వెతికాను," అన్నాడు.

"ఏం వెతికారు?"

"ఆస్పత్రి సంగతి మా అక్క మీకు చెప్పిన రోజు నుంచీ రోజూ తెరిచి చూశాను. ఇవాళేమైనా కొత్తగా రాశారేమో, నన్ను ఆగమన్నట్టు ఎక్కడో ఓ మాట ఉందేమో అని. టార్చీ ఉంది, బూట్లున్నాయి, సబ్బుంది. నేను లేను. చదవడానికొచ్చాను కదాని రోజుకొకటి టిక్కు పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి."

"అడగొచ్చుగా?"

"మీరు అడుగుతారనుకున్నాను. అడగడంలో మీరే కదా దిట్ట!"

తగిలింది. ఆమె గొడుగు మూసేసింది. వాన తల మీద పడుతుంటే చూరు కిందికి, అతని పక్కకి వచ్చి నిలబడింది.

"విను. మనుషుల్ని జాబితాలో రాయను నేను. ఎదురుగా నిలబడి అడుగుతాను. ఇన్నాళ్ళూ ధైర్యం చాల్లేదు, ఇప్పుడు చాలింది. ఆ ఉద్యోగం నీకు నిజంగా ఇష్టమైతే వెళ్ళు. లిఫ్టులు అక్కడా ఉంటాయి, నేనూ వచ్చేస్తాను. ఇష్టం లేకపోతే వెళ్ళకు. ఎక్కడైనా సరే, నాకు నువ్వు కావాలి."

వాన అంత చప్పుడు చేస్తున్నా అతనికి ప్రతి మాటా వినిపించింది.

"ఆ ఉద్యోగంలో నాకు నచ్చింది ఒక్కటే," అన్నాడు మెల్లిగా. "అది ఈ ఊళ్ళో లేకపోవడం. ఏదో ఒక రోజు మీ పెళ్ళికి నన్ను పిలుస్తారు. పిలిస్తే దూరంగా ఉన్నానని వంక చెప్పొచ్చని..."

"ఏడ్చినట్టుంది. ఫోన్ తియ్యి."

"ఇప్పుడా?"

"రేపటిదాకా నువ్వు ఆగుతావేమో, నేనాగను."

అతను ఫోన్ తీశాడు. తడి వేళ్ళకి అది మాట వినలేదు. ఆమె తన చున్నీ అంచుతో తుడిచి ఇచ్చింది. ఆస్పత్రి పెద్దాయన రెండో రింగుకే ఎత్తాడు.

"సార్... నేను రాలేనండీ... లేదు సార్, జీతం గురించి కాదు... ఇక్కడే ఉండాలనుకుంటున్నాను... కారణమా?" అతను ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "కారణం అడుగుతున్నారు!"

ఆమె ఫోన్ లాక్కుంది. "నమస్కారం సార్. కారణాన్ని మాట్లాడుతున్నాను."

అవతలాయన ఏమన్నాడో గానీ, ఆమె నవ్వేసింది. "తప్పకుండా సార్. పెళ్ళికి మీరూ రావాలి," అని పెట్టేసింది.

"పెళ్ళా? నేనింకా అడగనే లేదు!"

"అడుగు మరి. ఎవరు వద్దన్నారు?"

అతను జుట్టు వెనక్కి తోసుకున్నాడు. అంతవరకూ తలుపులకేసీ వానకేసీ చూసిన కళ్ళు మొదటిసారి తిన్నగా ఆమె కళ్ళలోకి చూశాయి. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"చేసుకుంటాను."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అంతే, పైనుంచి కేక!

"డాక్టరూ!"

మూడో అంతస్తు బాల్కనీలో నాలుగు తలకాయలు. తడుస్తున్నామన్న ధ్యాస ఎవరికీ లేదు.

"రోడ్డు మీద మా అమ్మాయి చెయ్యి పట్టుకునే ధైర్యం ఉన్నవాడికి పైకొచ్చి నాకు చెప్పే ధైర్యం కూడా ఉండాలి!" అని అరిచాడు తండ్రి.

"వస్తున్నా మామయ్యగారూ!"

అంకుల్ కాస్తా మామయ్యగారైపోవడం వీధి మొత్తం విన్నది.

నీళ్ళోడుతూ ఇద్దరూ హాల్లోకి వచ్చేసరికి తల్లి తువ్వాలు పట్టుకుని గుమ్మంలోనే ఉంది. ముందు అల్లుడి తల తుడిచింది, తర్వాత కూతురిది. ఆ వరస చూసి చిట్టికి అర్థమైంది, ఇంక అమ్మని అడగాల్సిన పని లేదని.

తండ్రి చేతులు వెనక్కి కట్టుకుని అతని ఎదురుగా నిలబడ్డాడు. "చెప్పు."

"మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానండీ. ఊరు విడిచి వెళ్ళను."

"అమ్మాయేమంది?"

"అమ్మాయే ముందు అంది నాన్నా," అంది చిట్టి, తల వంచకుండా.

తండ్రి కూతుర్ని చూశాడు. ఆ గొంతు ఆయనకి బాగా తెలుసు. నిజం చెప్పేవాళ్ళ గొంతు. బిగబట్టిన నవ్వు వదిలేసి, తడి చొక్కా అని కూడా చూడకుండా డాక్టరుని కావలించుకున్నాడు. "కూర్చో అల్లుడూ. ముందు వేడిగా ఏమన్నా తాగు."

అన్న ఇద్దరికీ కేకు ముక్కలు అందించాడు. వదిన మాత్రం లేవలేదు. సోఫాలో కాలు మీద కాలు వేసుకుని, హుందాగా, చాలా హుందాగా కూర్చుంది.

"ఏంటి వదినా, నీకు సంతోషంగా లేదా?"

"ఎందుకు లేదు? బోలెడంత. కాఫీ ఏది? చక్కెర తక్కువగా, నురగ ఎక్కువగా."

"అదేంటి, రోజూ నువ్వేగా పెడతావు?"

"రోజూ పెట్టాను తల్లీ. నువ్వు ఆడపడుచువి, నేను పెట్టాను." వదిన తమ్ముడి వైపు చెయ్యి చూపించి, కళ్ళెగరేసింది. "ఇప్పుడు నేను కూడా ఆడపడుచునే. పద వంటింట్లోకి!"