నాలుగూ పదికి తెరిచిన తలుపు

"తలుపు! ముందు ఆ తలుపు మూయండి!"

ఇంజనీరు ఉలిక్కిపడి ఇంక్యుబేటర్ తలుపు మూశాడు. వెనక్కి తిరిగి చూస్తే తెల్లకోటులో బయాలజీ మేడమ్.

"ఎంతసేపు తెరిచారు?"

"అర నిమిషం ఉంటుందండీ. నా మెషిన్ ఆడుతోందో లేదో చూద్దామని."

"లోపలున్నవి గుండె కణాలు సార్, మీ నట్లూ బోల్టులూ కాదు. వెచ్చదనం పోతే చచ్చిపోతాయి."

"సారీ అండీ."

"సారీ నాకెందుకు? ఇక్కడ రాయండి."

తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. రోజుకో కాగితం. టైము, తెరిచినవారు, కారణం అని మూడు గడులు. ఆయన కారణం గడిలో 'ఆత్రం' అని రాశాడు.

"ఆత్రం కారణం కాదు."

"మరి అబద్ధం రాయమంటారా?"

ఆవిడ మాస్కు కాస్త పైకి లాక్కుంది. నవ్వు కనపడకూడదుగా మరి.

ఇద్దరూ ఒకే యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్ళే. బిల్డింగులు మాత్రం వేరు. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఒక పని ఇచ్చారు. దెబ్బతిన్న గుండెకి వేసే మాసిక తయారుచెయ్యాలి. ఉల్లిపొరలాంటి రేకూ, దాన్ని గుండె కొట్టుకున్నట్టు సాగదీసే చిన్న మెషినూ ఆయనవి. దాని మీద పెరిగే కణాలు ఆవిడవి. ఆరు వారాలు పెంచి లెక్కలన్నీ కమిటీకి చూపించాలి. నచ్చితే పని సాగుతుంది. లేకపోతే ప్రాజెక్టు మూత. ఏడాది కాంట్రాక్టు మీద వచ్చిన ఇంజనీరు పెట్టె సర్దుకోవాల్సిందే.

నాలుగో వారానికి కణాలు వాటంతట అవే కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

"చూశారా, నా మెషిన్ నేర్పింది," అన్నాడు ఆయన మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండా.

"ఆహా! తిండి పెట్టింది నేను, పేరు మీకా?"

"పిల్లలకి ఇద్దరూ కావాలి కదండీ."

ఆ మాట ఎటు పోయిందో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆవిడ గబగబా చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. అప్పటికే రెండుసార్లు కడుక్కుంది.

కమిటీ రెండు రోజుల్లో ఉందనగా ఇంజనీరు ఇంక్యుబేటర్ వేడి గ్రాఫు తీసి, తలుపు మీది కాగితాలతో సరిపోల్చాడు. రోజూ సాయంత్రం నాలుగూ పదికి గ్రాఫు కిందకి జారింది. అంటే ఎవరో తలుపు తెరిచారు. కాగితాల్లో ఆ టైముకి ఏమీ లేదు. వాన పడ్డ రెండు రోజులు మాత్రం గీత జారలేదు.

ఆ టైములో ల్యాబులో ఉండేది మేడమ్ ఒక్కతే. రూలు పెట్టిన మనిషే రూలు తప్పిందని తేలితే కమిటీ ముందు ఆవిడ పరువేం కాను? ఇంజనీరు చాలాసేపు ఆలోచించాడు. తర్వాత గీత జారిన ప్రతి రోజు కాగితం కిందా 'నాలుగూ పది' అని వేసి, తన పేరు రాసి, 'మెషిన్ చూడడానికి' అని పెట్టాడు. వాన సంగతి మాత్రం ఆయన బుర్రకి అందలేదు.

మర్నాడు ఆవిడ కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పడేసింది.

"ఇవెప్పుడు రాశారు?"

"అప్పుడు మర్చిపోయి, నిన్న రాశానండీ."

"నాలుగూ పదికి మీరు ఇక్కడ లేరు. కింద వర్క్‌షాపు మెట్ల మీద టీ తాగుతున్నారు."

"రోజూనా?"

"రోజూనే. వాన పడ్డ రోజులు తప్ప."

"మీకెలా తెలుసు?"

ఆవిడ ఎర్రబడింది. కట్ట తీసుకుని బయటికి నడిచింది.

ఇంట్లో మేడమ్ వాళ్ళమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కా కాలరు విప్పుతోంది. ముప్పై ఏళ్ళుగా అదే పని.

"మొహం అలా ఉందేంటే?"

"నా తప్పు ఒకాయన తన మీద వేసుకున్నాడమ్మా. నిజం చెబితే ఇద్దరికీ ముప్పే, ఆయన ఉద్యోగం కూడా పోవచ్చు. ఊరుకుంటే ఎవరికీ తెలీదు."

"వంకర కుట్టు మీద లేసు వేస్తే తొడుక్కున్నవాళ్ళకి తెలీదు. కుట్టినదానికి తెలుస్తుంది." దారం తెంపి తలెత్తింది. "ఇంతకీ ఆయనకి పెళ్ళయిందా?"

"అమ్మా!"

ల్యాబులో రాసింది చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన నిజం రాసి, సంతకం పెట్టాలి. మేడమ్ అలాగే చేసింది. మర్నాడు కమిటీ పెద్ద, ముక్కుసూటి డాక్టరమ్మ, గీతలు కొట్టిన కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. ప్రతిదాంట్లోనూ తెరిచినవారు మేడమ్. కారణం గడిలో ఒకే మాట: 'కిటికీ'.

"కిటికీ ఏమిటమ్మా?"

"ఇంక్యుబేటర్ కిటికీ పక్కనే ఉందండీ. అక్కడి నుంచి వర్క్‌షాపు మెట్లు కనిపిస్తాయి. ఊరికే నిలబడితే ఎవరైనా ఏమనుకుంటారోనని తలుపు తెరిచి పని చేస్తున్నట్టు నిలబడేదాన్ని."

"మెట్ల మీద ఏముంది చూడ్డానికి?"

"ఈయన టీ తాగుతుంటాడండీ."

ఇంజనీరు చేతిలో పెన్ను జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

"దొంగ రాత రాసింది నేనండీ. రాసేటప్పుడు ఆవిడకి తెలీదు. పంపిస్తే నన్ను పంపండి," అన్నాడు చివరికి.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఆరు వారాల లెక్కలూ చెత్తబుట్టకే. మొదటి నుంచి మళ్ళీ చెయ్యండి. ఇద్దరికీ మెమో వస్తుంది. అయ్యా, ఇంకో అబద్ధం రాస్తే మీ కాంట్రాక్టు ఆ రోజుతో సరి." లేచి తలుపు దాకా వెళ్ళి ఆగింది. "ముందు ఆ ఇంక్యుబేటర్‌ని కిటికీ దగ్గర్నుంచి జరపండి."

ఇద్దరూ కలిసి జరిపారు. బరువు బాగానే ఉంది.

"ఆరు వారాలు పోగొట్టాను మీకు," అన్నాడు ఆయన రొప్పుతూ.

"పోయినవి సగం నావల్లే. మళ్ళీ ఆరు వారాలు వచ్చాయిగా."

"అయితే మీరు చూస్తుంటే నేను రోజూ టీ తాగానన్నమాట. చెబితే జుట్టయినా దువ్వుకునేవాణ్ణి కదండీ."

"అందుకే చెప్పలేదు."

కొత్త కణాలు పెట్టిన మొదటివారం గ్రాఫు చూడండి. వాన పడలేదు, ఎండ బాగా కాసింది. నాలుగూ పది దగ్గర గీత ఎక్కడా జారకుండా తిన్నగా పోయింది. తలుపు మీది కాగితంలో ఆ టైముకి ఏమీ రాసిలేదు. రాయాల్సిన పనీ లేదు. ఆ టైముకి ల్యాబులో ఎవరూ లేరు. వర్క్‌షాపు మెట్ల మీద రెండు టీ గ్లాసులున్నాయి.