ఇరవై ఆరని చెప్పలేదేం?

లిఫ్టులో అంతస్తులు చెప్పే పెట్టె నోరు తెరవగానే గదిలో ముగ్గురూ బిగుసుకుపోయారు.

"మూడో అంతస్తు. తలుపులు తెరుచుకుంటున్నాయి."

మాటల్లో తప్పు లేదు. గొంతే, వెనక కుక్క తరుముతున్నట్టు పరుగెత్తింది. ఆ మాటలు రికార్డు చేసిన వాయిస్ ఆర్టిస్ట్ ఎదురుగానే కూర్చుని ఉంది. ఆవిడ సరేనంటేనే పెట్టె గడప దాటుతుంది.

"ఇది నా గొంతా? నేనేం పాపం చేశాను బాబూ?"

డ్రైవరు పెట్టె మీదికి వంగాడు. ఆఫీసులో అతణ్ని అలాగే పిలుస్తారు. బండి తోలడు. పెట్టెను నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌కూ, శబ్దం చేసే చిప్పుకూ మధ్య మాట కలిపే ప్రోగ్రాము రాస్తాడు. నిన్న ఇదే ప్రోగ్రాముతో ఇదే గొంతు తిన్నగా పలికింది.

మూడో మనిషి, బోర్డులు గీసే అమ్మాయి, పెట్టె మూత విప్పి చూసింది.

"ఇది కొత్త బోర్డు, మేడమ్. క్రిస్టల్ మారింది. ఇరవై నాలుగు మెగాహెర్ట్జ్‌వి దొరక్క ఇరవై ఆరు వేశాం."

క్రిస్టల్ బోర్డుకు తాళం కొట్టే ముక్క. దాని దెబ్బలు లెక్కపెట్టుకుంటూ చిప్పు గొంతును నడుపుతుంది. ఇరవై నాలుగు అని డ్రైవరు ప్రోగ్రాములో రాసేశాడు. ముక్క ఇరవై ఆరు కొడుతోంది.

"మార్చినప్పుడు నాకు చెప్పలేదేం?"

"ఎక్కడ చెప్పను? టీకి వస్తేగా!"

అతను తల దించుకున్నాడు. బోర్డు మీద ఏ ముక్క మారినా ఆ కబురు టీ దగ్గరే చేతులు మారేది. ఆమె చెప్పేది, అతను ప్రోగ్రాము సర్దేవాడు. ఎర్ర బైకు మీద ఒకడు ఆమెను గేటు దగ్గర దింపడం చూసినప్పటి నుంచి అతను టీకి వెళ్లడం మానేశాడు. పెళ్లి కుదిరిందనుకున్నాడు. అడగలేదు. ఇప్పుడు ఆమెను వేరే ఊరి యూనిట్‌కు వెళ్లమంటున్నారు. వెళ్తుందో లేదో సాయంత్రంలోగా మేనేజరుకు చెప్పాలి. అదీ అతను అడగలేదు.

"ఎంతసేపు? ఇరవై నాలుగు కొట్టేసి ఇరవై ఆరు పెడతాను," అన్నాడు.

పెట్టాడు. పెట్టె తిన్నగా పలికింది. ఆర్టిస్ట్ తల ఊపింది. బోర్డు అమ్మాయి మాత్రం అల్మారాలోంచి పాత పెట్టె తీసి, అదే ప్రోగ్రాము ఎక్కించి బటన్ నొక్కింది.

"మూ... డో... అంత... స్తు..."

ఆర్టిస్ట్ కుర్చీలోంచి లేచిపోయింది. "అమ్మో! ఈసారి మా నాన్న మాట్లాడుతున్నాడు!"

"విన్నావా? పాత పెట్టెలు ఇంకా లిఫ్టుల్లో ఉన్నాయి," అంది అమ్మాయి. "నువ్వు ఏ అంకె రాసినా ఏదో ఒక బోర్డుకు తప్పే. అసలు రాయకు. అడుగు. ఏ బోర్డు మీద ఏ క్రిస్టల్ ఉందో ఆ బోర్డు ఫైల్లో నేను రాస్తాను. నీ ప్రోగ్రాము లేవగానే ఈ బోర్డు మీద నా క్లాక్ వేగం ఎంత అని లినక్స్ కెర్నల్‌ని అడగాలి. వచ్చిన జవాబుతోనే లెక్క కట్టాలి."

"జవాబు రాకపోతే?"

"ఆగిపోవాలి. నీకు నువ్వే ఏదో ఊహించుకుని నడవకూడదు."

ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. అంకె కొట్టేసి, అడిగే వాక్యం రాశాడు. పక్కన ఆమె రెండు బోర్డుల ఫైళ్లలో దేని అంకె దానికి రాసింది. రెండు పెట్టెలూ ఒకే గొంతుతో పలికాయి.

"హమ్మయ్య, ఇది నేనే!" అని ఆర్టిస్ట్ బ్యాగు అందుకుంది. అమ్మాయి వైపు తిరిగింది. "పదవే, కింద అల్లుడు బైకు స్టార్ట్ చేసి కూర్చున్నాడు."

డ్రైవరు చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కింద పడింది.

"మీ అమ్మగారా? ఇందాకటి నుంచీ మేడమ్ అంటున్నావు!"

"ఆఫీసులో అమ్మా అంటే సిఫార్సు అంటారు."

"మరి... అల్లుడు?"

"మా అక్క మొగుడు. ఎందుకలా పాలిపోయావు?"

"ఎర్ర బైకు..."

"ఆయనదే. హెల్మెట్ తీస్తే బట్టతల..." ఆమె సగంలో ఆగింది. ఈసారి నోరు తెరవడం ఆమె వంతు. "అందుకా టీ మానేశావు? హెల్మెట్‌ను చూసి నాకు పెళ్లి చేసేశావా? నా మొహం చూడటం నీకిష్టం లేదేమోనని ఆ యూనిట్‌కు వెళ్లిపోతానని చెప్పబోతున్నాను!"

"వెళ్లకు."

"అది అడగడం కాదు."

అతను ఒకసారి వాళ్లమ్మ వైపు చూశాడు. ఇక దాచేందుకు ఏం మిగల్లేదు.

"నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"ఓరి నాయనో!" ఆర్టిస్ట్ చేతిలోని బ్యాగు బల్ల మీద పడింది.

"టీ తాగుదామా అంటావనుకున్నాను," అంది అమ్మాయి. మరి మాట్లాడలేదు.

అతనూ మాట్లాడలేదు.

"ఏంటి, నిలబడిపోయావు?"

"జవాబు రాకపోతే ఆగిపోవాలన్నావుగా."

ఆమె ఫోను తీసి మేనేజరుకు కలిపింది. "సార్, నేను ఆ యూనిట్‌కు వెళ్లడం లేదు." ఫోను పెట్టేసి వాళ్లమ్మను చూసింది. అతనూ చూశాడు.

ఆవిడ బల్ల మీది బ్యాగు మళ్లీ భుజానికి తగిలించుకుంది. చీర కొంగు సర్దుకుంది. మైకు ముందు కూర్చున్నప్పటిలా గొంతు సవరించుకుంది.

"తలుపులు తెరుచుకుంటున్నాయి," అంది.