ముప్పై అయిదో వంతు లారీ

కృపారాణికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను చెయ్యి వదిలిన క్షణంలో ఎవరో వచ్చి తన కూతుర్ని ఎత్తుకుపోతారని.

పాములంటే ఆమెకు భయం లేదు. ఉరుములంటే లేదు. పక్కింటి జగ్గమ్మ నోరంటే ఊరంతటికీ భయం, ఆమెకు అదీ లేదు. కానీ భర్త "ఇప్పుడే వస్తా" అని బండి తీసి హైవే ఎక్కినవాడు యాక్సిడెంటులో పోయి, మళ్ళీ గడప తొక్కలేదు. అప్పటికి హెప్సీబాకి ఇంకా నడక రాలేదు. ఇంటర్ మధ్యలో ఆపించి చేసిన పెళ్ళి అలా ముగిసిపోయి, ఆమె నరసన్నపేట దగ్గర పుట్టింటికి వచ్చేసింది. ఆ రోజు నుంచీ, దేవుడు తనకు మిగిల్చినదాన్ని కూడా ఎవరో పట్టుకుపోతారనే ఆమె అనుమానం. చీరకొంగు కొసని పిల్ల గౌను బెల్టుకు ముడివేసుకుని మరీ వంట చేసుకునేది.

దానికి తోడు రెండు వేల పద్దెనిమిది ఎండాకాలం. ఎవరి ఫోన్ చూసినా ఒకటే మెసేజ్: పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగింది, జాగ్రత్త.

సరిగ్గా ఆ రోజుల్లోనే నీలం హెల్మెట్ మనిషి వచ్చాడు.

వాళ్ళ పెరట్లో ఒక పాత మిలటరీ లారీ ఉంది. కృపారాణి తండ్రి సత్యం మిలటరీలో బళ్ళ మెకానిక్‌గా చేసి రిటైరై, వేలంలో దాన్ని కొనుక్కున్నాడు. ఇప్పుడు దానికి ఇంజిన్ లేదు. డ్రైవర్ సీట్లో కోళ్ళు గుడ్లు పెడతాయి. అయినా పొద్దున్నే లేచి ఒకసారి దాని బానెట్ మీద చెయ్యివేస్తే గాని ఆయనకి టీ దిగదు.

నీలం హెల్మెట్ మనిషి మొదటిసారి ఆ లారీ చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీశాడు. కృపారాణి గుమ్మంలోకి రాగానే బండెక్కి వెళ్ళిపోయాడు. రెండోసారి లారీ కింద వెల్లకిలా పడుకుని టేపుతో ఏదో కొలుస్తున్నాడు. ఆమె "ఎవరూ?" అనే లోపలే మాయం.

మూడోసారి ఆమె వంటింట్లో ఉంది. చూస్తే కొంగుకు ముడి లేదు. పిల్లా లేదు.

పెరట్లోకి ఒక్క పరుగు తీసింది. లారీ వెనక చక్రం దగ్గర ఆ మనిషి గొంతుక్కూర్చుని, చెంచాతో మట్టి గీకి ప్లాస్టిక్ కవర్లో వేసుకుంటున్నాడు. హెప్సీబా తన బుల్లి గుప్పిట్లో ఇంకాస్త మట్టి పట్టుకుని, "ఇంకా ఏత్తావా?" అని అడుగుతోంది.

చేతికి చీపురు దొరికింది.

"ఎవడ్రా నువ్వు? మా గుంటపిల్ల పక్కన ఏటి సేస్తన్నావు?"

అతను గభాలున లేచాడు. లారీ అంచు నెత్తికి ఠంగుమని తగిలింది. "అమ్మా... అదేం కాదండి... మట్టండి."

"మా ఇంట్లో మట్టి నీకెందుకు?"

"రంగు బాగుందండి."

దొరికిపోయిన దొంగ ఎవడూ ఇంత చెత్త సమాధానం చెప్పి ఉండడు. కృపారాణి చీపురు ఇంకా పైకెత్తింది.

గోడ మీంచి జగ్గమ్మ తల లేచింది. "ఓలమ్మో! గుంట అడుగుల కింద మట్టి తీస్తన్నాడే! సిల్లంగి ఎట్టడానికేనే రాణీ!"

జగ్గమ్మ ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషే. అయినా చేతబడి చేసేవాడు మన మతమేదో అడిగి చెయ్యడని ఆమె నమ్మకం.

కేక విని ఎదురింటి లక్ష్ముడు, ఇంకో నలుగురు పరిగెత్తుకొచ్చారు. అతన్ని పట్టుకుని సంచి బోర్లించారు. పడినవి ఇవీ: సన్నని కత్తి, సూదిలేని సిరంజి, దూది పుల్లలు, ఘాటు వాసన సీసా. ఆఖర్న, ఒక మనిషి పైవరస పళ్ళు, పూర్తి సెట్టు.

లక్ష్ముడు నోరు తడుపుకుని, "ఇవెవరియిరా?" అన్నాడు.

"టెక్కలిలో ఒక మాస్టారివండి. మధ్యాహ్నానికి ఇవ్వాలి. ఆయన భోజనం చెయ్యాలి కదండీ."

బట్టలారేసే తాడు విప్పి అతన్ని ఆ లారీకే కట్టేశారు. ఎవరో కర్ర తెచ్చారు. ఇంకెవరో ఫోన్‌లో వీడియో మొదలుపెట్టారు. అప్పుడే సత్యం సంత నుంచి వచ్చి, చేపల సంచి కింద పెట్టి, "ఒరే లక్ష్ముడూ, ఆ కర్ర ఒగ్గు ముందు. మనిషిని మాటాడనీ," అన్నాడు.

అతను మాట్లాడాడు. పేరు ఎజ్రా. విజయనగరంలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు చేస్తాడు. ఆదివారాలు కొంతమంది కలిసి ఒక క్లబ్బులో మిలటరీ బళ్ళ నమూనాలు చేస్తారు. అసలు బండిలో ముప్పై అయిదో వంతు.

"ట్యాంకులకి, జీపులకి కిట్లు దొరుకుతాయండి. అతికించి రంగేస్తే చాలు. ఈ లారీకి దొరకదు. టెక్కలి వెళ్తూ బస్సులోంచి చూశాను. కొలతలు తీసుకుని ప్లాస్టిక్ షీటు కోసి చేస్తున్నాను. రంగు అయ్యాక నిజం మట్టి చల్లితే నిజం బండిలా ఉంటుంది."

"ఆ మత్తుమందు సీసా?" అంది కృపారాణి.

"రంగులో కలిపే థిన్నరండి."

సంచి అడుగున అట్టపెట్టె ఉంది. సత్యం దాన్ని తెరిచాడు. ఇంకా రంగు పడని తెల్లటి లారీ, అరచేతిలో పట్టేంత. ఆయన పెరట్లో లారీని చూశాడు, చేతిలో లారీని చూశాడు. డ్రైవర్ తలుపుకున్న సొట్ట కూడా ఉంది. అది ఆయన పెట్టిన సొట్టే.

అతని తాడు ముడి విప్పుతూ, "కృపా, టీ ఎట్టమ్మా," అన్నాడు.

కృపారాణి టీ ఇచ్చింది. అందులో పంచదార వెయ్యలేదు. అనుమానం ఉన్న మనిషికి అంత చాలు.

"రెండుసార్లు వచ్చావు కదా. అడగొచ్చు కదేటి?" అంది.

"అడుగుదామనే వచ్చానండి. మీరు చూసిన చూపుకి మాట రాలేదు."

ఆ చేదు టీ అతను చివరి చుక్కదాకా తాగాడు. అదీ ఆమెకు అనుమానంగానే ఉంది.

*

తరువాతి ఆదివారం మళ్ళీ వచ్చాడు. ఆపై ఆదివారం కూడా.

"కొలతలైపోయాయి కదా, మరింకేటి?"

"రంగు చూడాలండి. వానకి తడిస్తే ఆ ఆకుపచ్చ వేరేలా కనిపిస్తుంది."

"పోయినవారం తడిసింది కదా. సూసేవు కదా."

"అప్పుడు వెంటనే ఎండొచ్చేసిందండి."

హెప్సీబా అతన్ని "లారీ మావా" అని పిలవడం మొదలుపెట్టింది. గోడ మీంచి జగ్గమ్మ కిసుక్కున నవ్వింది. "ఒసే గుంటా, మావంటే మీయమ్మకి తమ్ముడైపోతాడే! ముందే ఆ దారి మూసీకు!"

కృపారాణి చెవులు ఎర్రబడ్డాయి. కోపంతోనే అనుకుంది.

అనుమానం తీరాలంటే విచారించాలి. ఎజ్రా ఇచ్చిన పళ్ళ డాక్టరు కార్డు మీది నెంబరుకి ఫోన్ చేసింది. "మీ దగ్గర ఎజ్రా అని పళ్ళు సేసే మనిషున్నాడా అండి? నిజంగా సేస్తాడా?" డాక్టరు అవునన్నాడు. ఫోన్ పెట్టేయాల్సింది. పెట్టెయ్యలేదు. "పెళ్ళయిందా అండి?" అని కూడా అడిగేసింది.

ఆ ఆదివారం వానలోనే వచ్చాడు. పెరట్లోకి అడుగుపెట్టేసరికి కుండపోత. లారీ గుడారం కింద అతనూ, ఆమే, పిల్లా, తడిసిన కోళ్ళూ. గుడారం మీద చినుకుల చప్పుడులో గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చింది.

"నా పెళ్ళి సంగతి నన్నే అడగొచ్చు కదండీ."

కృపారాణి గుండె జారింది. మొహం మాత్రం జారనివ్వలేదు. "దొంగని పట్టుకుని నువ్వు దొంగవా అని అడుగుతారేటి?"

అతను పగలబడి నవ్వాడు. ఆమె ఆపుకోలేక నవ్వింది. వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

"నవ్వితే మీ పైపన్ను ఒకటి కొంచెం ముందుకొస్తుంది," అన్నాడు.

"ఏటి, పళ్ళు అమ్మడానికొచ్చావా?"

"లేదండి. అలాంటిది చెయ్యడం నాకు రాదు."

వాన తగ్గేదాకా ఇద్దరూ కోళ్ళనే చూస్తూ కూర్చున్నారు.

రాత్రి పిల్లని పడుకోబెట్టాక ఆమె తనని తానే నిలదీసుకుంది. ఊరికే మంచిగా ఉండే మగాడు లోకంలో ఉంటాడా? పిల్ల అతనికి అలవాటు పడిపోయాక, ఒకరోజు "ఇప్పుడే వస్తా" అని వెళ్ళి అతనూ రాకపోతే? పిల్లని ఎత్తుకుపోవడమంటే చేతుల్లోంచే కానక్కర్లేదు.

*

ఆగస్టులో విజయనగరంలో, ఒక కాలేజీ హాల్లో క్లబ్బు వాళ్ళ ప్రదర్శన. సత్యం ఇస్త్రీ చొక్కా తొడిగి బయల్దేరాడు. కృపారాణి "నాను రాను" అంటూనే పిల్లకి కొత్త గౌను తొడిగింది.

హాలంతా బల్లలు, బల్లల మీద యుద్ధాలు. ఇసుకలో కూరుకుపోయిన ట్యాంకులు, అగ్గిపెట్టెంత జీపులు. ఎజ్రా బల్ల కిటికీ పక్కన.

ఆకుపచ్చ లారీ. చక్రాలకి వాళ్ళ పెరటి మట్టి. బానెట్ మీద బియ్యపుగింజంత కోళ్ళు. పక్కనే బొటనవేలి కణుపంత ఆడమనిషి, చీర బొడ్లో దోపుకుని, చీపురు పైకెత్తి.

కృపారాణి వంగి చూసింది. ఇంకా వంగి చూసింది.

క్లబ్బు పెద్ద నరసింగరావు గారు దగ్గరికొచ్చి, "నేను చెప్పానమ్మా. మిలటరీ పోటీలో ఈ కోళ్ళేంటి, ఈ చీపురేంటి, మార్కులు పోతాయన్నాను. వినలేదు. ఈమధ్య ఆదివారాలు క్లబ్బుకి రావడమే మానేశాడు," అన్నాడు.

ఆమె మొహం దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. బయట ఏముందో ఆమెకేం కనబడలేదు. వేలు మాత్రం తన ముందు పన్ను మీదికి వెళ్ళింది.

ఇటు తిరిగేసరికి కొంగు ముడి ఊడి వేలాడుతోంది. పిల్ల లేదు.

ఎజ్రా లేడు.

బల్ల మీద లారీ కూడా లేదు. ఖాళీ మట్టిలో చక్రాల జాడలు, వాటి పక్కన చీపురెత్తుకుని ఒక్కత్తే నిలబడ్డ బొమ్మ.

"అనుకున్నాను," అంది పైకే. "మొదటి రోజే అనుకున్నాను."

"హెప్సీ!" అని అరుస్తూ బల్లల మధ్య పరుగెత్తింది. సత్యం గేటు వైపు పరుగెత్తాడు. మైకులో ఎవరో "జడ్జీలు వచ్చారు, ఎవరి బల్ల దగ్గర వాళ్ళు ఉండాలి" అంటున్నారు. ఆమె హాలు వెనక తలుపు తోసుకుని బయటపడింది.

వెనక మెట్ల మీద హెప్సీబా కూర్చుని ఉంది. ఒళ్ళో లారీ, చేతిలో ఊడిపోయిన చక్రం. కింది మెట్టు మీద ఎజ్రా మోకాళ్ళ మీద కూర్చుని చక్రం గొట్టానికి జిగురు రాస్తున్నాడు. అతని చేతిరుమాలు ఒక కొస పిల్ల గౌను బెల్టుకి ముడివేసి ఉంది. రెండో కొస అతని మణికట్టుకి.

కృపారాణి ఎదురుగా వచ్చి నిలబడింది. రుమాలు వైపు వేలు చూపించింది.

"మెట్లు కదండీ," అన్నాడు. "చేతులు రెండూ పనిలో ఉన్నాయి. మీరు ఇలాగే కడతారు కదా అని."

"మైకులో పిలుస్తన్నారు. నీ బల్ల కాళీ."

"తెలుసండి. లారీ పట్టుకుని పరుగెత్తింది. లాక్కుంటే ఏడుస్తుందని వెనకాలే వచ్చాను. మీకు చెప్పే టైము లేకపోయింది. తప్పే."

"ఇన్నాళ్ళు సేసేవు కదా. పోటీ?"

"లారీ కదండీ. మళ్ళీ చేసుకోవచ్చు."

ఆమె మెట్టు మీద కూలబడింది. కళ్ళు తుడుచుకుని, ఆఖరి అనుమానం బయటపెట్టింది. "పెళ్ళి కానేదని డాక్టరుగారు సెప్పారు. ఎందుకు కానేదో సెప్పనేదు."

"ఆదివారం పిల్లని చూడ్డానికి రమ్మంటే క్లబ్బుకి పోయేవాణ్ణండి."

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఆదివారమైతే నరసన్నపేట వస్తున్నాను కదా."

ఆమె చెయ్యి పిల్ల బెల్టు దగ్గరి ముడి మీదికి వెళ్ళింది. విప్పేస్తుందనుకుని ఎజ్రా మణికట్టు ముందుకు చాపాడు. కృపారాణి ఆ ముడిని వేలితో లాగి చూసింది.

"గట్టిగానే ఏసేవు," అని అలాగే వదిలేసింది.

సాయంత్రం బస్సు ఎక్కేముందు సత్యం, "వచ్చే ఆదివారం మీయమ్మని తీసుకురా బాబూ," అన్నాడు. "మా లారీ సూపిద్దాం."

*

ఆ ఆదివారం పొద్దుట నుంచీ ముసురు. ఎజ్రా తల్లి ఎలీసమ్మ బస్సులో ముందే దిగింది. కృపారాణిని దగ్గరికి లాక్కుని, "నువ్వేనా చీపురు పిల్లవి?" అని తల నిమిరింది. కొడుకు బండి మీద వస్తున్నాడట. హెప్సీబాకిస్తానన్న లారీ బస్సులో రద్దీకి విరుగుతుందని, అట్టపెట్టెకి ప్లాస్టిక్ కవరు చుట్టి ముందు పెట్టుకుని బయల్దేరాడట.

రావలసిన టైము దాటింది. కోడికూర రెండుసార్లు వేడిచేశారు. టీలో ఈసారి పంచదార రెండింతలు పడింది.

"దొంగ కోసం ఎదురుసూస్తన్నావేటే?" అని జగ్గమ్మ గోడ మీంచి అడిగింది. కృపారాణి కూర గిన్నె మీద మూత సర్దింది. ఫోన్ చెయ్యదు. "బండి మీద ఫోనెత్తితే సంపేస్తాను" అని బెదిరించింది తనే. ఇన్నాళ్ళూ ఎవరో వస్తారని భయపడుతూ హైవే వైపు చూసిన మనిషి, ఈరోజు ఒకడు రాలేదని చూస్తోంది.

శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వైపు వెళ్ళేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే కాస్త చూడండి. నీలం హెల్మెట్, ముందు అట్టపెట్టె. వానకి ఏ టీకొట్టు రేకు కిందో ఆగి ఉంటాడు. బండి ఆపి, బాగున్నాడో లేదో ఒక్కసారి పలకరించి వెళ్ళండి. కృపారాణి అడగమందని మాత్రం చెప్పకండి.