మైకులో చదివిన చీటీ

మధ్యాహ్నం గంట కొట్టి పది నిమిషాలైంది. నాలుగో తరగతి పిల్లలు అన్నాలు తిని బయటికి పరుగెత్తారు. క్లాసులో ఇద్దరే మిగిలారు. ప్రీతిక రఫ్ నోటు తెరిచి, ఒక తమిళ అక్షరం రాసి, పక్కకు జరిపింది.

“ఇది ఏందో చెప్పు.”

ఆమని నోటును దగ్గరికి లాక్కుని చూసింది. “మ.”

“నిన్న చెప్పిండేదే కదా! బాగా చూడు.”

“అబ్బ, ఉండవే. మీ అక్షరాలన్నీ ఒకేలా ఉంటాయి.”

“మీ తెలుగు అక్షరాలు మాత్రం? అన్నీ గుండ్రంగా మురుకుల మాదిరి.”

“మాదిరి ఏంటే, మాదిరి? లాగ అనాలి.”

“మా ఇంట్ల మాదిరే అంటారు, పో.”

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆమని జూన్‌లో యానాం నుంచి పుదుచ్చేరికి వచ్చింది. వాళ్ళ నాన్న భీమశంకరం ప్రభుత్వ ఉద్యోగి. బదిలీ అయి ఇక్కడికి వచ్చాడు. ఆమనికి తెలుగు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తమిళం మాత్రం రాదు. ప్రీతిక వాళ్ళు ముత్తాత కాలం నుంచి పుదుచ్చేరిలోనే ఉన్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ తెలుగు చదవడం ఎవరికీ రాదు. క్లాసులో తెలుగు మాట్లాడే పిల్ల ప్రీతిక ఒక్కతే. అందుకని కవిప్రియ మిస్ ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది.

ఈ అక్షరాల చదువుకు మరో కారణం ఉంది. అది వాళ్ళిద్దరికే తెలుసు.

ఆ బడి కొత్తది. ఈ జూన్‌లోనే లాస్‌పేటలో ఒక మేడ అద్దెకు తీసుకుని తెరిచారు. గోడలకు ఇంకా రంగు వాసన పోలేదు. మరుగుదొడ్ల తలుపుల మీద అబ్బాయిలది ఏదో, అమ్మాయిలది ఏదో తమిళంలో రాశారు. బొమ్మలు వేయలేదు. రెండు తలుపుల మీదా మొదటి రెండు అక్షరాలు ఒకటే. మూడో అక్షరం నెత్తిన వంపు ఉంటే అమ్మాయిలది. చదవడం రానివాళ్ళకు ఆ వంపు కనిపించదు.

బడి తెరిచిన మూడో రోజు ఆమని వంపు లేని తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ప్రీతిక అది చూసింది. పరుగున వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడింది. అటుగా వచ్చిన ఒక అబ్బాయితో, “నీళ్ళు రావడం లేదు, తర్వాత రా” అని చెప్పి పంపేసింది. ఆమని బయటికి వచ్చాక సంగతి చెప్పింది. ఆమనికి చెవులు ఎర్రబడ్డాయి.

“ఎవరికీ చెప్పకే. ప్లీజ్.”

“చెప్పను.”

మర్నాటి నుంచి అన్నం తిన్నాక అక్షరాలు మొదలయ్యాయి.

ఆ బడిలో మూడింటిదాకా లెక్కలు, భాషలు, సైన్సు. ఆ తర్వాత ఒక పీరియడ్ నడవడి. దానికి పుస్తకం లేదు, పరీక్ష లేదు. ఒకరోజు ఎదుటివాళ్ళ మాట మధ్యలో అందుకోకుండా వినడం నేర్పుతారు. ఇంకోరోజు తప్పు చేస్తే ఎలా ఒప్పుకోవాలో మాట్లాడుకుంటారు. శుక్రవారం ఉదయం ప్రార్థన అయ్యాక తరగతికి ఒకరు మైకు దగ్గరికి వెళ్ళి, ఆ వారం చేసిన మంచి పని చీటీ మీద రాసుకొచ్చి చదవాలి. వాటిలో ఒకటి హెడ్‌మాస్టరు ఎంచుతాడు. ఆ చీటీ రాసినవాళ్ళు వచ్చే వారమంతా బడి గంట కొట్టవచ్చు.

వరండాలో వేలాడే ఆ ఇత్తడి గంట మీద ప్రీతికకు మొదటి రోజు నుంచే కన్ను. అందుకే ఆ గురువారం తన చీటీ తీసుకెళ్ళి కవిప్రియ మిస్‌కు ఇచ్చింది. ‘నేను ఆమనికి సాయం చేశాను’ అని ఉంది అందులో.

“ఏం సాయం? ఎందుకు చేయాల్సి వచ్చింది?” అంది మిస్ తమిళంలో. “వినేవాళ్ళకు తెలియాలి కదా. ఇంటికెళ్ళి వివరంగా రాసుకో. రేపు నువ్వే చదువు.”

ఇంట్లో ప్రీతిక ఆరు వాక్యాలు రాసింది. రెండో వాక్యం దగ్గర ఆమనికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. పెన్సిల్ ఆగింది. ‘ఇదేమీ చాడీ కాదు కదా. మంచి పని గురించి రాస్తున్నాను’ అనుకుంది. పెన్సిల్ మళ్ళీ కదిలింది.

శుక్రవారం మైకు ముందు నిలబడి చదివింది.

“ఆమనికి తమిళం చదవడం రాదు. అందుకని ఒకరోజు అబ్బాయిల మరుగుదొడ్డిలోకి వెళ్ళిపోయింది.”

ఐదో తరగతి వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆ వరుసంతా నవ్వింది. ఆ తర్వాత అన్ని వరుసలూ నవ్వాయి. పిల్లలు వెనక్కి తిరిగి ఆమనిని చూశారు.

ఆమనికి ఆ తమిళంలో అర్థమైంది తన పేరొక్కటే. అందరూ తనవైపే చూస్తున్నారు, అందరూ నవ్వుతున్నారు. మెచ్చుకుంటున్నారు కాబోలనుకుంది. ఆమె కూడా నవ్వింది. చెయ్యి పైకెత్తి ఊపింది.

మైకు దగ్గరి నుంచి ప్రీతిక ఆ చెయ్యి చూసింది. ఇంకా నాలుగు వాక్యాలున్నాయి. తల వంచుకుని గబగబా చదివేసింది.

హెడ్‌మాస్టరు చెయ్యెత్తి నవ్వులు ఆపాడు. “స్నేహితురాలికి చదువు చెప్పడం మంచి పని. వచ్చే వారం గంట ప్రీతికకే” అన్నాడు. చప్పట్లు మోగాయి.

వరుసలోకి రాగానే ఆమని చెయ్యి పట్టుకుంది. “నా పేరు వచ్చింది కదే! ఏం చదివావు?”

“నీకు అక్షరాలు నేర్పిస్తా ఉండానని.”

“అంతేనా? మరి అందరూ నవ్వారెందుకు?”

“ఊరికే” అంది ప్రీతిక.

పదిన్నరకు విరామం ఇచ్చారు. అబ్బాయిల మరుగుదొడ్డి తలుపు పక్కన వాళ్ళ క్లాసు గోకుల్ నిలబడ్డాడు. ఆమని కనబడగానే నడుము వంచి చెయ్యి చాపి, “వెల్‌కమ్ మేడమ్!” అన్నాడు. పక్కన ఇద్దరు పొట్ట పట్టుకుని నవ్వారు.

అది ఇంగ్లీషు. ఆమనికి అర్థమైంది. గోకుల్‌ను చూసింది. తలుపును చూసింది. తర్వాత ప్రీతికను చూసింది. క్లాసులోకి వెళ్ళి తన పుస్తకాలు తీసుకుని చివరి బెంచీకి మారిపోయింది.

సోమవారం ఉదయం ప్రీతిక గంట కొట్టింది. ఒక చేత్తో తాడు లాగుతూ గేటు వైపే చూసింది. ఆమని రాలేదు. మంగళవారమూ రాలేదు. మిస్ ఫోన్ చేస్తే కడుపునొప్పి అన్నారట.

కవిప్రియ మిస్ రెండు అట్టముక్కల మీద అబ్బాయి బొమ్మ, అమ్మాయి బొమ్మ గీసి తలుపులకు అతికించింది. టేపు కత్తిరిస్తూ ప్రీతికను పిలిచింది.

“వివరంగా రాయమన్నది నేనే. రాసింది ఒకసారి తెప్పించుకుని చూడాల్సింది. చూడలేదు. ఆమని రాగానే నా తప్పు నేను చెప్పుకుంటాను” అంది. ప్రీతికను ఏం చేయమనీ చెప్పలేదు.

బుధవారం సాయంత్రం ప్రీతిక ఇంకో చీటీ రాసింది. అవ్వ చెంగమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆమె ముందు కూర్చుని జరిగిందంతా చెప్పింది. అవ్వకు చదవడం రాదు కాబట్టి చీటీలో ఉన్నది కూడా చెప్పింది.

“ఆమని రహస్యం నేను చెప్పకుండా ఉండాల్సిందని రాసినా అవ్వా. శుక్రవారం చదివేస్తే సరిపోతాది.”

“యాడ చదువుతావు?”

“మైకులోనే.”

“అందురూ వింటారా?”

“ఊ.”

“పోయిన వారం రానోళ్ళు గూడా?”

పోయిన శుక్రవారం రెండో తరగతిలో సగం మంది జ్వరాలతో రాలేదు. ఈసారి వాళ్ళూ వింటారు. ఏం రహస్యమని పక్కవాళ్ళను అడుగుతారు.

అవ్వ ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. ప్రీతిక చీటీని నాలుగు ముక్కలు చేసింది.

“అవ్వా, ఆమనోళ్ళింటికి పొయ్యొస్తా.”

“పొద్దు పోకముందే వచ్చెయ్, పాపా.”

ఆమని వాళ్ళు ఉండేది రెండు వీధుల అవతల, గవర్నమెంటు క్వార్టర్స్ మొదటి అంతస్తులో. తలుపు తీసింది ఆమని వాళ్ళమ్మ నాగకుమారి.

“ప్రీతికవా నువ్వు? అది రోజూ నీ మాటే చెప్పేది. రామ్మా, కూర్చో.” ప్లేటులో జంతికలు పెట్టి ఎదురుగా కూర్చుంది. లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంది. నాగకుమారి గొంతు తగ్గించింది.

“కడుపునొప్పి అంటుందమ్మా. అన్నం మాత్రం శుభ్రంగా తింటుంది. నిన్న వాళ్ళ నాన్నగారితో ఏమందో తెలుసా? నన్ను యానాం పంపెయ్యండి, అత్త దగ్గరుండి చదువుకుంటాను అంది. ఆయన కూడా సరే, చూద్దాంలే అన్నారు. బళ్ళో ఏదో జరిగింది. నీకు తెలిసే ఉంటుంది. చెప్పమ్మా, నేనేం అననులే.”

చెప్పడం తేలిక. తలుపు ముందు తను కాపలా నిలబడిన దగ్గర మొదలుపెట్టవచ్చు. ‘ఎంత మంచిదానివే’ అని ఆంటీ అంటుంది కూడా. మాట నాలుక దాకా వచ్చింది.

“తెలుసు ఆంటీ.”

“ఏంటది?”

“అది ఆమని మాట. ఆమనే చెప్పాల. నేను చేసిండే తప్పు మాత్రం చెప్తా. ఎవురికీ చెప్పనని దానికి మాటిచ్చినా. మళ్ళా అందురి ముందర చెప్పేస్తి.”

“అదే, ఏం చెప్పావని అడుగుతున్నాను.”

“అది ఇప్పుడు మీకు చెప్తే మళ్ళా చెప్పినట్లే కదా ఆంటీ.”

లోపలి తలుపు కదిలింది. ఆమని వచ్చి గుమ్మంలో నిలబడింది.

“నేను నవ్వానే” అంది ప్రీతికతో. “అందరూ నవ్వుతుంటే, నన్ను పొగుడుతున్నారనుకుని నేనూ నవ్వాను. చెయ్యి కూడా ఊపాను.”

“చూసినా.”

“చూశావా? చూసి కూడా చదివావా?”

“చదివినా.” ప్రీతిక తల వంచుకుంది. “నువ్వు అడిగితే ఊరికే నవ్వినారని అబద్ధం గూడా చెప్పినా. తప్పు చేస్తి, ఆమనీ.”

ఆమని పర్వాలేదు అనలేదు. వచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. ప్లేటులో ఒక జంతిక విరిచింది కానీ తినలేదు.

“నువ్వు ఇంటికెళ్ళు. నేను అమ్మతో మాట్లాడాలి.”

“రేపు వస్తావా?”

“తెలీదు.”

ప్రీతిక చెప్పులు వేసుకుంది. మెట్లు దిగుతుంటే పైన ఆమని గొంతు వినిపించింది. మెట్ల మలుపులో ఆగితే మాటలన్నీ వినపడేవి. ఆమె ఆగలేదు.

గురువారం గంట కొట్టి క్లాసుకు వచ్చేసరికి చివరి బెంచీ ఖాళీగానే ఉంది. మిస్ ఇంకా రాలేదు. గోకుల్ వెనక్కి తిరిగాడు.

“ఏయ్, నిన్న వాళ్ళింటికి వెళ్ళావంట కదా. ఏం జరిగింది? ఆమని ఏడ్చిందా?”

ప్రీతిక పుస్తకం తెరిచింది.

“చెప్పు. నేనెవరికీ చెప్పను.”

“నేనూ చెప్పను” అంది ప్రీతిక.

గుమ్మం దగ్గర నీడ పడింది. ఆమని వచ్చింది. ఒకసారి చివరి బెంచీ వైపు చూసింది. ఒకసారి ప్రీతిక వైపు చూసింది. ప్రీతిక పిలవలేదు. బెంచీ చివరికి జరిగి చోటు చేసింది. ఆమని వచ్చి ఆ చోట కూర్చుంది.

గోకుల్ ఇంకా తిరిగే ఉన్నాడు. ఆమనిని చూసి తమిళంలో మళ్ళీ ఏదో అన్నాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు. పక్కవాళ్ళు ఇద్దరు తలలు తిప్పారు.

“ఏమంటున్నాడే?” అంది ఆమని.

ప్రీతిక ఆమె వైపు తిరిగింది.

“రెండు మాటలు అంటా ఉండాడు. నువ్వు ఏడ్చినావా అంటాడు. మిస్ బాగా తిట్టింది, ఇంక అట్ల చెయ్యనంటాడు.” కాస్త ఆగి అడిగింది. “ఏమని చెప్పేది?”

ఆమని ఆలోచించింది. గోకుల్ కాచుకుని ఉన్నాడు.

“ఏడ్చానని చెప్పు. ఇంక ఏడవనని చెప్పు. వాడు ఇంకోసారి అలా చేస్తే నేనూ ఊరుకోనని చెప్పు.”

ప్రీతిక గోకుల్ వైపు తిరిగి ఆ మూడు మాటలూ తమిళంలో చెప్పింది. నాలుగో మాట కలపలేదు.