పట్టుకుచ్చు ఎవరిని చూసి అరిచింది?

పట్టుకుచ్చు మళ్లీ గోడవైపు తిరిగి నిలబడింది.

మధ్యాహ్నం మూడే అయినా, మబ్బు పట్టి కోళ్ల షెడ్డు మసకగా ఉంది. మిగతా కోళ్లన్నీ ఒక మూల చేరాయి. పట్టుకుచ్చు ఒక్కటే మెడ చాచి, ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు కదలకుండా ఉంది.

గడుగ్గాయి ఎత్తుకుందామని దానిమీద చెయ్యి వేసింది. అంతే! కోడి ఎగిరిపడి, గొంతు చించుకుని అరిచింది.

"అక్కా, దానికి దెయ్యం కనిపిస్తోంది!" అన్నాడు తమ్ముడు. ఆ వీరుడు చెప్పులు కూడా వదిలేసి ఇంట్లోకి పరుగెత్తాడు.

ఇంట్లో అందరూ గడుగ్గాయి అని పిలిచే ఆ తొమ్మిదేళ్ల పిల్లకి పట్టుకుచ్చంటే ప్రాణం. అది పొట్టి కోడి. ఒంటినిండా ఈకలకు బదులు దూదిలాంటి బొచ్చు, తలమీద పెద్ద కుచ్చు. రేపు స్కూల్లో పెంపుడు పక్షుల పోటీ. కానీ మూడు రోజులుగా అది తిండి సరిగా తినడం లేదు. ఎత్తితే ఖాళీ అట్టపెట్టెలా ఉంది. ఇలాగైతే బతకదేమోనని గడుగ్గాయి భయం.

అరుపు విని నాయనమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. ఇలాంటి కోళ్లను ముప్పై ఏళ్లుగా పెంచుతున్నది ఆవిడే. మోకాళ్ల నొప్పులతో ఈ నెల షెడ్డు పని మనవరాలికి అప్పజెప్పింది.

"దాని కుచ్చుకి రోజూ రబ్బరు బ్యాండు వేస్తున్నావా?"

గడుగ్గాయి తేలుకుట్టిన దొంగలా గింజల గిన్నె సర్దసాగింది. బ్యాండు వేస్తే కుచ్చు నలుగుతుందని, పోటీలో గుండ్రంగా కనిపించాలని, రెండు వారాల కిందటే తీసేసింది.

నాయనమ్మ తిట్టలేదు. తువ్వాలు తీసి మనవరాలి కళ్లు మూసుకుపోయేలా కప్పింది.

"కాసేపు ఇలా కూర్చోవే."

మొదట నవ్వొచ్చింది. తర్వాత రేకులమీద చినుకులు మొదలయ్యాయి. కింద పరిచిన గడ్డిలో ఏదో కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది, ఇంకా దగ్గరగా.

"నాయనమ్మా, నువ్వేనా?"

"నేను గుమ్మం దగ్గరున్నానే." గొంతు దూరం నుంచి వచ్చింది.

చల్లగా ఏదో మోకాలిని తాకింది.

కెవ్వున అరిచి తువ్వాలు లాగేసింది. ఎదురుగా పట్టుకుచ్చు! దారి తెలియక వచ్చి ముక్కుతో తనను గుద్దుకుంది. అదీ బెదిరి అరుస్తోంది. దాని కళ్లమీద కుచ్చు దట్టంగా పడి ఉంది. గిన్నె పక్కనే ఉన్నా, గింజలు దొరక్క వట్టి నేలను పొడుస్తోంది.

"నాయనమ్మా... ఆ దెయ్యం నేనేనా?" గడుగ్గాయి తన చేతిని చూసుకుంది. "నా చెయ్యి వస్తున్నట్టే దానికి కనిపించలేదు."

"బ్యాండు వేద్దాంలే."

"పోటీలో తీసెయ్యమంటారు. రేపంతా కొత్త చోట, కొత్త చేతులు... పోటీ వద్దు నాయనమ్మా. కత్తెర ఇవ్వు."

"మళ్లీ పెరగాలంటే నెలలు పడుతుందే."

"పడనీ."

"నేనేనే, వస్తున్నా," అని చెబుతూ గడుగ్గాయి కత్తెరతో కోడి దగ్గరికి జరిగింది. నాయనమ్మ కోడిని పట్టుకుంది. తెల్లటి బొచ్చు గడ్డిమీద రాలింది. నల్లటి కన్ను ఒకటి బయటపడింది, తర్వాత రెండోది. పట్టుకుచ్చు గడుగ్గాయిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

గడుగ్గాయికి ఏడుపొచ్చింది. వెంటనే ఎత్తుకుని హత్తుకోవాలనిపించింది. కానీ అరచేతిలో గింజలు పోసుకుని, చెయ్యి నేలమీద ఆనించి కూర్చుంది. పట్టుకుచ్చు తనంతట తాను వచ్చి మొదటి గింజ పొడిచేదాకా ఆ చెయ్యి కదల్లేదు.