వేరు పంక్తి

నిన్న నాలుగు వందల ఆరుగురు ఉద్యోగులు మాట్లాడిన మాటల్లోంచి జల్లెడ యంత్రం పదకొండింటిని ఆపి పంపింది. కమలిని ఉదయం నుంచి వాటిని వింటోంది. పదింటిని నిరపాయమని కొట్టివేసింది. పదకొండవది ఒక పెళ్లి భోజనంలోది. విస్తళ్ల చప్పుడు, పులిహోర ఇటు పట్టమని ఎవరిదో కేక, వాటి మధ్య రెండు గొంతులు.

ఆమె ఆ మందుల కంపెనీకి మౌనాధికారి. పోటీ కంపెనీల మనుషులతో తమవారెవరూ మాట కలపలేదని ప్రతి సాయంత్రం ఆరింటిలోగా మౌనపత్రంపై వేలిముద్ర వేయాలి. పదకొండేళ్లలో ఒక్కరోజూ తప్పలేదు.

రియాక్టర్ల ఫోర్‌మన్ సన్యాసిరావు ఎదురుగా కూర్చుని, మణికట్టుపైని, ప్రతి మాటనూ వినే మాటపట్టీని రెండో చేత్తో కప్పుకున్నాడు.

"వేరు పంక్తి నియమం తెలుసు కదా సన్యాసిరావు గారూ? పోటీ కంపెనీ బంధువు పక్కన భోజనానికి కూర్చోకూడదు."

"తెలుసండి. నేను దూరంగానే కూకున్నాను. మా పైడిరాజు బావే వచ్చి పక్క విస్తరి ముందు కూలబడ్డాడు. పెళ్లికూతురికి మేనమామండాయన. లెగమంటే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానిస్తాదేటండి?"

"ఏం మాట్లాడారు?"

"మీరు విన్నారు కదండీ."

"మీ నోటితో చెప్పాలి. అది పద్ధతి."

"'మీ మూడో రియాక్టరెలాగుంది' అన్నాడు. 'చల్లారి పద్దెనిమిది రోజులయ్యింది' అన్నాను. 'మాదీ అంతేరా, అదే రోజు' అన్నాడు. అంతేనండి. వంకాయ కూర గురించి ఇంతకన్నా ఎక్కువ మాటాడుకున్నాం."

కమలిని నవ్వలేదు. పత్రంలో ఆ ఇద్దరి పేర్లూ నిలిస్తే, ఇరవై రెండేళ్ల సర్వీసున్న ఈ మనిషికి ఇక ఏ మందుల ఫ్యాక్టరీ గేటూ తెరుచుకోదు.

"ఒక మాటడగనాండి? మూర్ఛ మందు ఎక్కడా దొరకట్లేదు. మా వీధిలో పంతులమ్మ గారి పాప రోజూ పడిపోతంది. నా రియాక్టరేమో కడిగి తుడిచి ఖాళీగా ఎట్టుకున్నాను. ఎందుకాపారండి?"

"నిర్ణేత ఆపింది. ఎంత చేయాలో, ఎంతకు అమ్మాలో ఆ యంత్రమే కదా తేల్చేది."

"మరి బావోళ్ల నిర్ణేతకెవరు చెప్పారు?"

అతడు వెళ్లాక కమలిని ఆకాశం నుంచి తీసిన ఉష్ణచిత్రాలను తెరిచింది. మూర్ఛ మందు చేసే నాలుగు కంపెనీల్లోనూ రియాక్టర్లు ఒకే రోజు చల్లారాయి. వారం తిరగకుండానే ధర మూడింతలైంది. ఏ నిర్ణేతా మరొకదానికి ఒక్క అక్షరమైనా పంపలేదు. ఒకదాని వేడిని ఒకటి పైనుంచి చూసుకున్నాయి. ఒప్పందమంటే మనుషుల మధ్య మాట అని చట్టం. మనుషులు మాట్లాడలేదు, కాబట్టి అంతా సక్రమం.

మాట లేనిచోట కుట్ర ఉండదని ఆమె నమ్మింది. ఆ నమ్మకంతోనే పంక్తుల్లోంచి మనుషులను లేపింది. ఒకసారి పోటీ కంపెనీల్లో పనిచేసే అన్నదమ్ములను వాళ్ల తండ్రి శవం దగ్గర వేర్వేరు మూలల్లో నిలబెట్టింది. దాన్ని నిజాయితీ అనుకుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పనివాళ్లకు వంకాయ కూర ముగిసేలోగా తెలిసిన నిజం తనకు పదకొండేళ్లుగా తెలియలేదు. తెలియగలిగినవాళ్లను విడదీయడమే తన ఉద్యోగం.

ఐదున్నరకు ఆమె రియాక్టర్ల దగ్గరకు దిగింది.

"మూడోదాంట్లో ఉత్త నీళ్లు పోసి, వేడెక్కేలా ఆవిరి పెట్టండి. పైనుంచి చూసేవి ఏం చేస్తాయో చూద్దాం."

"నిర్ణేత ఒప్పుద్దేటండి?"

"అడగకండి. చేతి వాల్వు తిప్పండి."

సన్యాసిరావు ఆమె ముఖంలోకి ఒక క్షణం చూసి, గ్లవుజులు తొడుక్కున్నాడు. గొట్టాలు కొట్టుకున్నాయి. వేడి చూపే ముల్లు నలభై దాటింది, అరవై దాటింది. పదిహేను నిమిషాలకు అతని మాటపట్టీ మోగింది. దాని మీద పైడిరాజు పేరు చూసి చేయి వెనక్కి దాచాడు.

"ఎత్తండి. నాకూ వినపడనివ్వండి."

"ఒరే, మా మూడోది వేడెక్కతందిరా," అంది అవతలి గొంతు. "ఎవులూ చెప్పలేదు. దానికదే మొదలెట్టింది."

"పైడిరాజు గారూ, నేను ఇక్కడి మౌనాధికారిని. టైమెంతో చెప్పండి."

"ఐదూ నలభై ఆరండి. ఇంతకీ మా ఉద్యోగాలున్నట్టాండి, ఊడినట్టాండి?"

కమలిని మౌనపత్రం తెరిచింది. 'మాట్లాడినవారు' అన్న గడిలో నిర్ణేత ముందే నింపి ఉంచిన రెండు పేర్లనూ చెరిపి, నాలుగు కంపెనీల నిర్ణేతల పేర్లు రాసింది. చెరిపిన రెండింటినీ 'సాక్షులు' గడిలోకి తెచ్చింది. మూడవదిగా తన పేరు చేర్చి, వేలిముద్ర వేసింది.